పాత జిప్సీ హ్యాండ్‌బ్రేక్ పట్టేస్తే ఎలా సరిచేయాలి?

కొన్నాళ్లు వానలో నిలబెట్టిన పాత జిప్సీని తీద్దామని హ్యాండ్‌బ్రేక్ దించి క్లచ్ వదిలితే బండి కదలదు. ఇంజన్ మూలుగుతుంది. వెనకనుంచి టక్కుమని శబ్దం వచ్చి బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. కొన్ని బండ్లు దూకవు, వెనక చక్రం ఒకటి పట్టుకునే తిరుగుతూ ఉంటుంది. పికప్ పోయిందని, మైలేజీ పడిపోయిందని ఇంజన్ పని చేయించేవాళ్లున్నారు. అసలు దొంగ వెనక డ్రమ్ములో, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నెలో ఉంటాడు.

ఇలాంటప్పుడు చాలామంది హ్యాండ్‌బ్రేక్ లివర్ దగ్గర కేబుల్ బిగించే నట్టు వదులు చేసి ఊరుకుంటారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత ఘాట్‌రోడ్డులో ఆపితే బండి నిలవదు, మళ్లీ బిగిస్తారు, మళ్లీ పట్టేస్తుంది. నన్నడిగితే కేబుల్ నట్టు చిట్టచివర ముట్టుకోవాల్సింది. ముందు ఎక్కడ పట్టేసిందో తేలాలి.

ఇక్కడ చెప్పేది లివర్ నుంచి వెనక డ్రమ్ములకు కేబుళ్లు వెళ్లే బండ్లకు. జిప్సీ కాకుండా బొలెరో లాంటి వాటికీ పనికొస్తుంది. పాత విల్లీస్ జీపు, ల్యాండ్‌రోవర్ డిఫెండర్ దారి వేరు. వాటి హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) వెనక ప్రొపెల్లర్ షాఫ్టును (యాక్సిల్‌కి శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీని) పట్టుకుంటుంది. అనుమానముంటే బండి కింద దూరి కేబుల్ ఎటు వెళ్తోందో చూడండి.

1. బండిని లేపడం

సమతలంగా, గట్టిగా ఉన్న నేల చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ దించే పని కాబట్టి బండిని ఆపేది ముందు చక్రాలకు పెట్టే అడ్డే. రెండు చక్రాలకూ ముందొకటి, వెనకొకటి గట్టి చెక్కలు పెట్టండి. జాకీతో వెనక యాక్సిల్ లేపి రెండు పక్కలా స్టాండ్లు వేయండి. ఒక్క జాకీని నమ్మి కింద దూరొద్దు. ఇంకో మాట, ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో ఉంటే బండి ఏ గేరులో ఉన్నా దొర్లిపోతుంది. "గేరులోనే పెట్టాను కదా" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

2. ఏ చక్రం? ఎక్కడ?

గేరు న్యూట్రల్‌కి తెచ్చి, ఫోర్ వీల్ డ్రైవ్ నుంచి టూ వీల్‌కి మార్చి, లేపిన వెనక చక్రాలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పండి. గేరులో ఉంచి తిప్పితే ఒక చక్రం తిరగాలంటే రెండోది ఎదురు తిరగాలి. అది పట్టేసి ఉంటే మంచి చక్రం కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. లైనరు (బ్రేకు షూ మీది రాపిడి పొర) రాసుకునే చిన్న సరసర శబ్దం ఫరవాలేదు. చేతికి బరువు తెలిస్తే, లేదా ఒకచోట పట్టి ఒకచోట వదులుతుంటే, ఆ పక్కన పనుంది.

ఇప్పుడు కేబుల్ నట్టు ఎన్ని మరలు బయటికి ఉందో గుర్తుపెట్టుకుని పూర్తిగా వదులు చేయండి. చక్రం వెంటనే వదిలితే నట్టు ఎక్కువ బిగించి ఉండొచ్చు, లేదా కేబుల్ తొడుగులో ఇరుక్కుని ఉండొచ్చు. వదలకపోతే తేడా డ్రమ్ములోనో, కాలి బ్రేకు లైనులోనో ఉంది. అప్పుడు ఆ చక్రం దగ్గరి బ్లీడర్ నట్టు (బ్రేకు లైనులో గాలి తీసే నట్టు) కాస్త వదిలి చూడండి. నాలుగు చుక్కల బ్రేక్ ఆయిల్ వచ్చి చక్రం ఫ్రీ అయిపోతే హ్యాండ్‌బ్రేక్‌ది తప్పు కాదు, కాలి బ్రేకు ఒత్తిడి వెనక్కి వెళ్లడం లేదు. హోస్ పైపు, మాస్టర్ సిలిండర్ చూపించాలి. బ్లీడర్ వదిలాక గాలి తీయించడం మర్చిపోకండి.

3. డ్రమ్ము ఊడదీయడం

పాత బండికి అసలు పరీక్ష ఇదే. చక్రం విప్పి, డ్రమ్ము నడిమధ్య హబ్ చుట్టూ డబ్ల్యూడీ-40 కొట్టి కాసేపు ఆగండి. చాలా డ్రమ్ముల ముఖం మీద రెండు మరల చిల్లులుంటాయి. వాటికి సరిపడే బోల్టులు ఎక్కించి అటు కొంచెం, ఇటు కొంచెం బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికి వస్తుంది. సుత్తి తప్పదనుకుంటే స్టడ్ల మధ్య ముఖం మీద చెక్క పెట్టి కొట్టండి. అంచు మీద కొడితే పోతడ్రమ్ము విరుగుతుంది. లోపల అరిగిన గాడికి షూ (డ్రమ్మును లోపలినుంచి నొక్కే వంపు ముక్క) తగులుకుని రాకపోతే బ్యాక్‌ప్లేటు (డ్రమ్ము వెనకుండే రేకు) చిల్లులోంచి అడ్జస్టర్ (షూల ఎడం సర్దే మర) వదులు చేయాలి.

లోపలి నల్లపొడిని కంప్రెసర్ గాలితో ఊదడం షెడ్లలో అలవాటు. ఆ పని చేయొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు కట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

4. లోపల చూడాల్సినవి

ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క విప్పకండి, స్ప్రింగులు ఎటు తగిలించాలో అనుమానమొస్తే అదే నమూనా.

కేబుల్ చివర తగులుకుని, ఒక షూ వెనక దాక్కున్న చిన్న ఇనుప లివర్ ఉంటుంది. పట్టేసిన బండ్లలో నేను మొదట అనుమానించేది దాన్నే. నల్లరేగడి బురదలో తిరిగిన బండైతే ఆ మట్టి అక్కడే గట్టిపడుతుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో లివర్ పిన్ను దగ్గర తుప్పు ఉబ్బుతుంది. కేబుల్ విప్పి లివర్‌ను వేలితో కదపండి. హాయిగా వెళ్లి హాయిగా రావాలి. బిరుసుగా ఉంటే షూ బయటికి తీసి, పిన్ను చుట్టూ నూనె వేసి, అటూ ఇటూ ఆడిస్తూ వైర్ బ్రష్‌తో తుప్పు వదిలించండి.

బ్యాక్‌ప్లేటు మీద షూ అంచులు జారే ఎత్తు భాగాలు చూడండి. అక్కడ గాడి పడితే షూ అందులో చిక్కి వెనక్కి రాదు. చిన్న గాడైతే ఎమరీతో నున్నగా చేయొచ్చు. పిన్నుకూ, ఈ ఎత్తు భాగాలకూ వేడి తట్టుకునే బ్రేక్ గ్రీజు పలచగా రాయండి, మామూలు గ్రీజు కరిగి కారుతుంది. లైనరుకు గ్రీజు అంటితే బ్రేకే ఉండదు. సాగిన, తుప్పు తిన్న స్ప్రింగులు మార్చేయండి, రెండు పక్కలా ఒకేసారి.

వీల్ సిలిండర్ (కాలి బ్రేకు నొక్కితే షూలను తోసేది) రబ్బరు అంచు మెల్లగా ఎత్తి చూడండి. తడి ఉంటే సిలిండర్ పని అయిపోయింది. తడి చిక్కగా, ఘాటైన వాసనతో ఉంటే అది బ్రేక్ ఆయిల్ కాదు, యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేర్ ఆయిల్. సీలు మార్చకుండా కొత్త లైనర్లు వేస్తే డబ్బు దండగ.

5. కేబుల్ సంగతి

రెండు చివర్లూ విప్పి లోపలి తీగను లాగి వదలండి. చేతికి గరగర తగలకుండా జారాలి. ఇరుకుగా ఉంటే నిలువుగా వేలాడదీసి, పై చివర ప్లాస్టిక్ కవరు గరాటులా కట్టి, పలచటి నూనె పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కింది చివర తుప్పునీళ్లు కారి తీగ జారితే బతికినట్టే. పోగులు తెగినా, తొడుగు పగిలినా మార్చడమే, నూనె పోసి నడిపితే వచ్చే వానకి మళ్లీ ఇదే కథ. రెండు కేబుళ్లనూ సమంగా లాగే ఈక్వలైజర్ కూడా తుప్పుతో బిగుసుకుపోతుంది. అందుకే ఒక చక్రమే పట్టేస్తుందంటే దాన్నీ కదిపి చూడాలి.

6. బిగింపు

క్రమం ముఖ్యం. కేబుల్ వదులుగా ఉంచి డ్రమ్ములు, చక్రాలు ఎక్కించండి. అడ్జస్టరు తిప్పి, షూలు డ్రమ్ముకు కాస్త తగిలేదాకా తెచ్చి, చక్రం తిరిగేంత వెనక్కి వదలండి. తనంతట తాను సర్దుకునే రకమైతే కాలి బ్రేకు కొన్నిసార్లు నొక్కితే చాలు. ఆ తర్వాతే కేబుల్ నట్టు. చాలా బండ్లలో లివర్ 5 నుంచి 8 టిక్కులకు గట్టిగా పట్టాలి, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క. లివర్ దించితే రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరగాలి. తిరిగితే లాక్‌నట్ వేయండి.

ఖాళీ రోడ్డు మీద బ్రేకు ఎక్కువ వాడకుండా కొంతదూరం నడిపి, రెండు డ్రమ్ముల దగ్గరా చేయి పెట్టి చూడండి, తాకకుండా. ఒకటి సెగలు కక్కుతుంటే ఆ పక్క ఇంకా వదల్లేదు. తర్వాత వాలులో ఆపి, ఎవరూ ముందూ వెనకా లేకుండా పట్టు చూసుకోండి.

వాగు దాటి వచ్చిన రోజు ఆపేముందు కాస్త బ్రేకు నొక్కుతూ నడిపి డ్రమ్ములు ఆరనివ్వండి. చాలా రోజులు నిలిపేదైతే హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి టైర్లకు అడ్డు పెట్టండి. కొత్త కేబుల్ మొదట్లో కొంచెం సాగుతుంది. నెల తర్వాత టిక్కులు మరోసారి లెక్కపెట్టి, పెరిగితే నట్టు అర చుట్టు బిగించండి.