ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవాలంటే

ఇంజన్ ఆయిల్ మార్చడం వచ్చినవాళ్లు ఇదీ చేసుకోవచ్చు, కానీ రెండూ ఒకటే అనుకుని దిగితే ఇబ్బంది పడతారు. ఇంజన్‌లో డ్రెయిన్ బోల్ట్ విప్పితే దాదాపు ఆయిలంతా దిగిపోతుంది. గేర్‌బాక్స్‌లో మహా అయితే సగం దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజన్ తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం), ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపుల్లోనూ ఉండిపోతుంది. అందుకే పాత ఆయిలంతా ఒకేసారి తోసేసే ఫ్లష్ మెషిన్ల గొడవ వదిలేసి, దింపడం, నింపడం, కొన్ని రోజులు కారు నడపడం, మళ్లీ దింపడం, ఇదే ఇంటికి సరిపడే పద్ధతి అంటాను నేను. ఒక్కో విడతకి 40 శాతం దిగుతుందనుకుంటే రెండో విడతకి 64 శాతం, మూడో విడతకి 78 శాతం కొత్త ఆయిల్ చేరుతుంది, అది చాలు.

కూలర్ నుంచి తిరిగొచ్చే పైపు ఊడదీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేర్‌బాక్స్ పంపుతోనే పాత ఆయిల్‌ని బయటికి తోయించే పద్ధతి కూడా ఉంది. లీటరు బయటికి రాగానే ఇంజన్ ఆపి అంతే కొత్తది పోయాలి. ఆపడం ఆలస్యమైతే పంపు ఉత్తినే తిరిగి పాడవుతుంది, కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకి వద్దు.

ఆయిల్ కొనేముందు ఓనర్ మాన్యువల్‌లో స్పెసిఫికేషన్ చూడండి. డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, టయోటా డబ్ల్యూఎస్ లాంటి ఆయిల్ రకాలు చాలావరకు అన్నీ ఎర్రగానే ఉంటాయి గానీ ఒకదాని బదులు ఇంకోటి పోసేయడానికి లేదు. సీవీటీకి (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్), డ్యూయల్ క్లచ్‌కి (రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్) వేరే ఆయిల్. ఏఎంటీ అయితే ఇక్కడితో ఆగిపోండి, అది లోపల మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్, గేర్లు మాత్రం యంత్రమే మారుస్తుంది, ఈ పద్ధతి దానికి పనికిరాదు. 'లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు' అన్న మాట కూడా పూర్తిగా నమ్మొద్దు, గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

ఇక పని. కారు నాలుగు మూలలా సమానంగా లేపి జాక్ స్టాండ్ల మీద నిలబెట్టండి, ఒట్టి జాకీని నమ్ముకుని కిందకి దూరొద్దు. ముందు విప్పాల్సింది పైనున్న ఫిల్ బోల్ట్, అంటే కొత్త ఆయిల్ పోసే రంధ్రానిది. అది బిగుసుకుపోయి రాకపోతే, కిందున్న డ్రెయిన్ బోల్ట్ అప్పటికే విప్పేసి ఉంటే, ఆయిల్ లేని కారు పెట్టుకుని కూర్చోవాలి. అలాగే మీరు విప్పేది ఇంజన్ బోల్టా, గేర్‌బాక్స్ బోల్టా అని మాన్యువల్ బొమ్మతో సరిచూసుకోండి, ఈ పొరపాటు చేసేవాళ్లు తక్కువేం లేరు.

దిగిన ఆయిల్‌ని కొలతగీతలున్న డబ్బాలోకి పట్టండి, ఎంత దిగిందో అంతే పోయాలి కాబట్టి. గేర్‌బాక్స్ అడుగునుండే ఆయిల్ తొట్టిని, అంటే పాన్‌ని కూడా విప్పితే దాని అడుగున చిన్న అయస్కాంతాలు కనిపిస్తాయి, వాటికి బూడిదరంగు మెత్తటి పేస్ట్ అంటుకుని ఉంటుంది, వేళ్లతో రుద్దితే జిడ్డుగా జారిపోతుంది. అది మామూలు అరుగుదలే, తుడిచి మళ్లీ పెట్టేయండి. పేస్ట్‌లో రేకుల్లాంటి ముక్కలు చేతికి గుచ్చుకుంటే మాత్రం, లేదా ఆయిల్ నల్లగా మాడు వాసన వేస్తుంటే, గేర్‌బాక్స్ లోపలే ఏదో అరిగిపోతోందన్నమాట, కొత్త ఆయిల్‌తో అది బాగవదు. ఫిల్టర్, గ్యాస్కెట్ కొత్తవి వేసి, పాన్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. అవి చిన్న బోల్టులు, బలం చూపిస్తే పాన్ అంచు వంగి కారుతుంది.

అసలు జాగ్రత్త లెవెల్ దగ్గర. వేడికి ఈ ఆయిల్ బాగా వ్యాకోచిస్తుంది, అందుకే కంపెనీ చెప్పిన వేడి దగ్గరే లెవెల్ చూడాలి. కొలిచినంత పోశాక ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కిపట్టి పీ, ఆర్, ఎన్, డీ అన్నిటిలోనూ కొన్ని సెకన్ల చొప్పున ఉంచి మళ్లీ పీలోకి రండి. డిప్‌స్టిక్ ఉంటే దాంతో చూసుకోవచ్చు. లేకపోతే ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్‌కి తగిలించి రీడింగులు చూసే పరికరం) ఆయిల్ వేడి చూస్తూ, ఇంజన్ ఆపకుండానే లెవెల్ బోల్ట్ (ఆయిల్ మట్టం చూసే రంధ్రానిది) విప్పాలి. టయోటాల్లో చాలావాటికి ఈ వేడి 40 డిగ్రీల అటూఇటూ. ధారగా వస్తుంటే ఎక్కువైనట్టు, సన్నబడి చుక్కలుగా మారేదాకా ఆగి బిగించేయండి. అసలేమీ రాకపోతే ఇంకాస్త పోయండి. ఎక్కువ పోసినా నష్టమే, నురగ కట్టి గేర్లు జారతాయి.

బోల్టులకి కొత్త వాషర్లు వేయండి. రాత్రికి గేర్‌బాక్స్ కింద ఓ అట్టముక్క పరిచి, పొద్దున ఎర్ర చుక్కలేమైనా పడ్డాయేమో చూసుకోండి. పాత ఆయిల్ డ్రైనేజీలో పోయకుండా క్యాన్లలోకి ఎత్తి, వాడేసిన ఆయిల్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.