వాయుగుండం హెచ్చరిక వినగానే: కరెంటు లేని రోజులకు జాగ్రత్తలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో, చీకట్లో ఉండిపోయాయి. మళ్ళీ వానలు ముదరకముందే ఇంట్లో కొన్ని పనులు ముగించుకోవాలి.

కరెంటు లేకపోతే మోటారు ఆడదు, పైనున్న ట్యాంకుకు నీళ్ళు ఎక్కవు. కాబట్టి వాయుగుండం వార్త రాగానే ట్యాంకు నింపండి, తాగే నీళ్ళు బిందెల్లో పట్టి మూత పెట్టండి. ఫోన్లు, ఛార్జింగ్ లైట్లు సిద్ధం చేసుకోండి. విద్యుత్ ఫిర్యాదులకు 1912, అంబులెన్సుకు 108 అని పెద్దవాళ్ళకు కనబడేలా గోడ మీద రాయండి.

అన్నిటికన్నా ఎక్కువ భయపడవలసింది ఇంట్లోకి వచ్చే నీళ్ళకు. అవి గుమ్మం దాటకముందే మెయిన్ స్విచ్ ఆపేయాలి. ఆలస్యమై, నీళ్ళలో నడిచి వెళ్ళి ఆపవలసి వస్తే మాత్రం దయచేసి వెళ్ళకండి. 1912కు ఫోను చేసి బయటే సరఫరా ఆపించండి. ఇన్వర్టర్‌ను విడిగా ఆపాలని చాలామందికి తట్టదు. మెయిన్ ఆపినా అది బ్యాటరీ నుంచి ఇంటి తీగల్లోకి కరెంటు పంపుతూనే ఉంటుంది. కింది అంతస్తులో ఉంటే ముందుగానే దాన్ని ఎత్తు మీదికి, గాలాడే చోటికి మార్పించండి. ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది, దగ్గర్లో దీపం పెట్టకూడదు. నీళ్ళు తీశాక తడిసిన సాకెట్లను ఎలక్ట్రీషియన్ పరీక్షించాకే మెయిన్ వేయండి.

జనరేటర్‌ను ఇంట్లో గానీ, వరండాలో గానీ నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాని తీగను గోడ సాకెట్‌లో గుచ్చితే ఆ కరెంటు వీధి లైనులోకి ఎక్కి, మన కోసమే స్తంభమెక్కిన లైన్‌మన్‌ను బలి తీసుకోవచ్చు. ఇది ఎంత మాత్రం క్షమించదగిన పని కాదు.

ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే లోపలి చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. ఆ తరువాత ఇన్సులిన్ సీసాను నీరు చొరని సంచిలో కట్టి మట్టికుండ నీళ్ళలో ఉంచండి. నేరుగా ఐసు మీద పెడితే గడ్డకట్టి పాడవుతుంది. ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడినవారు ఉంటే సిలిండర్ ఇంట్లో ఉండాలి, లేదా వానకు ముందే వారిని ఆసుపత్రికి దగ్గరగా ఉన్న బంధువుల ఇంటికి చేర్చాలి.

దోమతెర దగ్గర కొవ్వొత్తి వద్దు. కరెంటు పోగానే ఏసీ, ఫ్రిజ్, టీవీ స్విచ్‌లు కట్టేసి ఒక్క లైటు మాత్రం వేసి ఉంచండి. అది వెలిగి, మిణుకు లేకుండా కొన్ని నిమిషాలు నిలిచాకే మిగతావి ఒక్కొక్కటిగా వేయండి.