గేమ్‌లో మనిషిలా మాట్లాడే బాట్, 4వ పాఠం: ఎప్పుడు పలకాలి, ఎలా పిలవాలి

మూడో పాఠం అయ్యేసరికి మన బాట్ సొంత సర్వర్‌లోకి లాగిన్ అవుతోంది, గది గదీ తిరిగి ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో పైథాన్ డిక్షనరీలో రాసుకుంటోంది, ఎవరైనా పలకరిస్తే నియమాల పట్టిక వెతికి ఏదో ఒక జవాబు కూడా చెబుతోంది. అయినా దానితో రెండు నిమిషాలు మాట్లాడిన ఎవరైనా సరే ఇది బాట్ అని ఇట్టే చెప్పేస్తారు. మొదటిసారి ఇలాంటిది కట్టేవాళ్లు అప్పుడు ఏం చేస్తారంటే, ఇంకో వంద జవాబులు రాస్తూ కూర్చుంటారు. దానివల్ల పెద్దగా లాభం లేదు. జవాబులో తెలివి తక్కువై దొరికిపోయిన బాట్‌లకంటే, జవాబు మరీ త్వరగా ఇచ్చి, మరీ గుర్తుపెట్టుకుని, నిన్న ‘రా’ అని పిలిచినవాడిని ఇవాళ ‘మీరు’ అని పిలిచి దొరికిపోయినవే ఎక్కువ. ఈ పాఠమంతా ఆ బాగోతమే.

ముందు జూలియా గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మనం కట్టేది ఆ వంశంలోదే. 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జేమ్స్ ఆస్ప్నెస్ టైనీమడ్ అనే గేమ్ మొదలుపెట్టారు, బొమ్మలేమీ ఉండవు, అంతా టెక్స్టే. అదే యూనివర్సిటీకి చెందిన మైఖేల్ మాల్డిన్ అందులో తిరగడానికి సి భాషలో రాసిన బాట్ పేరు జూలియా. అది హాకీ గురించి కబుర్లు చెప్పేది, పెంపుడు జంతువుల గురించి మాట్లాడేది. ఆ కబుర్లకంటే నాకు ముఖ్యంగా కనిపించేది వేరే. ఫలానా చోటికి ఎలా వెళ్లాలని అడిగితే తాను తిరిగి గీసుకున్న మ్యాప్ చూసి దారి చెప్పేది, ఫలానావాళ్లు కనిపించారా అంటే చివరిసారి ఎప్పుడు చూసిందో చెప్పేది, ఒకరి కబురు ఇంకొకరికి చేరవేసేది. అంటే ఆ లోకంలో దానికంటూ ఒక పని ఉంది. పని ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లు మనిషా కాదా అని ఎవరూ ఆరా తీయరు. తనతో సరసమాడాలని రోజుల తరబడి వెంటపడిన ఆటగాడి సంభాషణ కూడా జూలియా లాగ్‌లలో ఉంది. మూడో పాఠంలో మ్యాప్ గీయడం మీద అంత సేపు ఉండిపోయింది ఇందుకే, ఆ పాఠం దాటేసినవాళ్లు వెనక్కి వెళ్లి చేసి రండి.

ఇక వేళ సంగతి.

క్వేక్ 3 అరీనా అనే తుపాకుల ఆట కోడ్‌ను 2005లో అందరికీ తెరిచి ఇచ్చేశారు. అందులో బాట్ చాట్ రాసిన ఫైల్ ఒకటి ఉంటుంది, ఏఐ_చాట్.సి అని. తెరిచి చదవండి, నాలుగు పుస్తకాలు చదివినంత ఫలితం. బాట్ నోరు తెరిచే ముందు ఎన్ని చూసుకుంటుందో గమనించండి: నేల మీద నిలబడి ఉన్నానా, నీళ్లలో ఉన్నానా, లావాలో ఉన్నానా, చేతిలో పవరప్ (కాసేపు అదనపు బలమిచ్చేది) ఏదైనా ఉందా, శత్రువు కంటికి కనిపిస్తున్నాడా, పోయినసారి మాట్లాడి 25 సెకన్లు అయిందా. ఇవన్నీ కుదిరితేనే మాట. లావాలో మునుగుతూ కబుర్లు చెప్పేవాడు ఎవడూ ఉండడు కదా, ఆ ఇంగితాన్ని కోడ్‌గా రాశారు. ప్రతి బాట్ స్వభావంలోనూ నిమిషానికి ఎన్ని అక్షరాలు టైప్ చేస్తుందనే సంఖ్య కూడా పెట్టారు. ఇక్కడే తమాషా: ఎంతసేపు ఆగాలో లెక్కేసే ఫంక్షన్ ఆ సంఖ్యను చదువుతుంది గానీ, చివరికి ఏ బాట్‌కైనా 2 సెకన్లే అని చెప్పేస్తుంది. అసలు సూత్రం పక్కనే కామెంట్‌లో పడి ఉంటుంది. తుపాకుల ఆటలో అది చెల్లిపోతుంది, అక్కడ చాట్ ఎవరు చూస్తారు. మనది మాటల ఆట, మనకు చెల్లదు.

మనం ఆ లెక్కను మూడు ముక్కలుగా వేద్దాం. ఎదుటివాళ్ల మాట చదవడానికి కొంత, ఆలోచించడానికి కొంత, టైప్ చేయడానికి కొంత. టైపింగ్ సులువు: కీబోర్డ్ మీద నిమిషానికి 40 పదాలు, పదానికి 5 అక్షరాలు అనుకుంటే నిమిషానికి 200 అక్షరాలు, అంటే 30 అక్షరాల జవాబుకు 9 సెకన్లు. చదవడానికి అందులో నాలుగో వంతు వేసుకోండి చాలు. చిక్కంతా మధ్యలో ఉన్న ఆలోచన దగ్గర వస్తుంది. చాలామంది ఇక్కడ 1 నుంచి 4 మధ్య ఏదో ఒక సంఖ్య అని ర్యాండమ్‌గా తీసి వదిలేస్తారు. అలా చేస్తే 1 ఎన్నిసార్లు వస్తుందో 4 కూడా అన్నిసార్లే వస్తుంది, 4 దాటి ఒక్కసారి కూడా రాదు. మనుషులు అలా ఉండరు. ఎక్కువసార్లు చప్పున పలుకుతారు, ఉన్నట్టుండి ఒకసారి చాలాసేపు పలకరు, అమ్మ పిలిచి ఉంటుంది, కరెంట్ పోయి ఉంటుంది, ఫోన్ వచ్చి ఉంటుంది. ఈ ఆకారానికి పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్‌లోనే లాగ్‌నార్మ్‌వేరియేట్ అనే ఫంక్షన్ ఉంది. దానికి 0.4, 0.6 ఇచ్చి చూడండి: సగం సార్లు ఒకటిన్నర సెకనులోపే వస్తుంది, మూడింట రెండు వంతులు 0.8కీ 2.7కీ మధ్య పడుతుంది, అప్పుడప్పుడు 5 సెకన్లు కూడా దాటుతుంది. మొదటి సంఖ్య పెంచితే బాట్ నిదానస్థుడవుతుంది, రెండోది పెంచితే ఎప్పుడేం చేస్తాడో తెలియనివాడవుతాడు. మీ బాట్ స్వభావం ఏదో మీరే తేల్చుకోండి.

క్వేక్ నుంచి తెచ్చుకోవాల్సిన జాగ్రత్త ఇంకొకటి: బాట్ పోట్లాటలో ఉంటే జవాబును పారేయకుండా వరుసలో పెట్టండి, పోట్లాట అయ్యాక తీయండి. అప్పటికి 40 సెకన్లు దాటిపోయి ఉంటే మొత్తం జవాబు వద్దు, ‘ఆ చెప్పు, ఫైట్‌లో ఉన్నా’ అంటే సరిపోతుంది.

ఇప్పుడు ఏ ఇంగ్లిష్ పాఠంలోనూ దొరకని భాగం. మన సర్వర్‌లో ఆడేవాళ్లు తెలుగువాళ్లు, వాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ‘వచ్చాడు’ అనే మాటే తీసుకోండి. ఒకరు మధ్యలో సీ హెచ్ పెడతారు, ఒకరు సీ సీ హెచ్ పెడతారు, ఇంకొకరు రెండు ఏలు పెడతారు, ఆవేశంలో ఉన్నవాడు ఐదు ఏలు పెడతాడు. అన్నిటికీ నియమాలు రాస్తూ పోతే తెల్లారిపోతుంది. అందుకే వచ్చిన మాటను ముందు ఒక గీతకు తేవాలి. రెండు ఈలను ఐ చేయండి, రెండు ఓలను యు చేయండి, ఆ తర్వాతే వరసగా వచ్చిన ఒకే అక్షరాలను ఒకటిగా కుదించండి. ఈ క్రమం తప్పితే ‘మీద’ అనే మాట ‘మెద’ అయి కూర్చుంటుంది. తర్వాత టీ, డీ, కేల పక్కనున్న హెచ్‌ను తీసేయండి, సీ పక్కన, ఎస్ పక్కన మాత్రం ఉంచండి. అప్పటికీ కలవని మాటలకు లెవెన్‌స్టైన్ దూరం, అంటే ఒక మాటను ఇంకో మాటగా చేయడానికి ఎన్ని అక్షరాలు మార్చాలనే లెక్క చూసి, ఒక్క అక్షరం తేడా ఉంటే అదే మాట అనుకోవచ్చు. నాలుగు అక్షరాలకంటే చిన్న మాటల జోలికి మాత్రం ఈ దూరంతో వెళ్లకండి, చిన్న మాటల్లో ఒక్క అక్షరం మారితే అర్థమే మారిపోతుంది.

ఇక మాటను తిప్పి అడగడం. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ చేసిన ఎలైజా చిట్కా మీకు రెండో పాఠంలో చెప్పాను: ఎదుటివాళ్లు ‘నేను’ అన్నచోట ‘నువ్వు’ పెట్టి వాళ్ల మాట వాళ్లకే ప్రశ్నగా ఇచ్చేయడం. ఇంగ్లిష్‌లో సర్వనామాలు మారిస్తే చాలావరకు పని అయిపోతుంది. తెలుగులో చాలాసార్లు ‘నేను’ అని టైప్ చేయరు, క్రియ చివరే అన్నీ ఉంటాయి. ‘చచ్చిపోయా’ అన్నాడనుకోండి, ‘చచ్చిపోయావా? ఎక్కడ?’ అనాలి. ‘వస్తా’ అంటే ‘వస్తావా?’ అనాలి. అంటే ‘ఆ’తోగానీ ‘ఆను’తోగానీ ముగిసే క్రియకు చివర ‘ఆవా’ వేస్తే చాలు, భూతమైనా భవిష్యత్తైనా ఒకే నియమం, చూడటానికి ఎంత బాగుందో. అయితే ‘వచ్చావా’ అన్నదీ ‘ఆ’తోనే ముగుస్తుంది, ‘వచ్చాడా’ కూడా అంతే, ‘అన్నా’ కూడా అంతే. కాబట్టి ముందు ప్రశ్నల చివర్లను, పిలుపులను పక్కకు తీయాలి, మిగిలినవాటికే ఈ నియమం తగిలించాలి. ఆ పక్కకు తీసే పని చేయకపోతే ‘అన్నా’ అని పిలిచినవాడికి మన బాట్ ‘అన్నావా?’ అని జవాబిస్తుంది, అంతటితో ఆట కట్టు.

పిలుపు సంగతి ఇంకా సున్నితం. ప్రతి ఆటగాడి పేరుకు ఎదురుగా మన డేటాబేస్‌లో ఒక గడి పెట్టండి: తెలియదు, మీరు, నువ్వు, రా. మొదట్లో అందరూ ‘తెలియదు’లోనే ఉంటారు. అప్పుడు ఏం మాట్లాడాలి? మన భాషలో దీనికి చక్కటి దారి ఉంది: ‘వెళ్దామా’, ‘ఆగుదాం’, ‘కోట వైపు చూద్దాం’. ఈ ‘దాం’ రూపాల్లో గౌరవమూ లేదు, చనువూ లేదు, ఎవరికైనా నప్పుతాయి, పైగా మనమంతా ఒక జట్టు అన్నట్టు ఉంటుంది. ఎదుటివాళ్లు రెండు మూడు మాటలు మాట్లాడేసరికి వాళ్ల క్రియల చివర్లు, ‘అండి’, ‘బ్రో’, ‘మావా’, ‘రా’ లాంటివి చూసి గడి నింపండి. ఒకసారి నింపాక మీరు నుంచి నువ్వుకు, నువ్వు నుంచి రాకు జరగొచ్చు, అదీ ఎదుటివాళ్లు ముందు జరిగితేనే. వెనక్కి జరగకూడదు. చనువుగా మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి ‘మీరు’ అన్నాడంటే మనవాళ్లు కోపమొచ్చిందనుకుంటారు, లేదా వేరేవాళ్లెవరో ఐడీ వాడుతున్నారనుకుంటారు.

అక్కడ లేని ఆటగాడి గురించి చెప్పాల్సి వస్తే ఆడో మగో తెలియదు, ‘వచ్చాడు’ అనాలా ‘వచ్చింది’ అనాలా? ‘వచ్చారు’ అంటే కుర్రాళ్ల చాట్‌లో అది పంతులుగారి మాటలా ఉంటుంది. దీనికి ఆటగాళ్లే వాడే ఉపాయం ఉంది, ‘ఆ ఐడీ ఇందాక గుడి దగ్గర కనిపించింది’ అనండి.

జ్ఞాపకం గురించి ఎక్కువ చెప్పను. అన్నీ దాచుకోండి, అన్నీ బయటపెట్టకండి. వారం కిందటి మాటను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు మనిషి కాడు. పాత సంగతికి వివరం తీసేసి, ‘మొన్నెప్పుడో’ అని చెప్పించండి. దారి చెప్పేటప్పుడు మాత్రం కచ్చితంగా ఉండాలి, అది దాని పని.

ఇవన్నీ ఎందుకు, చాట్‌జీపీటీ వెనక ఉండేలాంటి పెద్ద లాంగ్వేజ్ మోడల్‌ను తెచ్చి తగిలించేస్తే సరిపోదా అని ఈపాటికి అనుకునే ఉంటారు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2025లో ఐదు నిమిషాల చాట్‌తో ట్యూరింగ్ పరీక్ష, అంటే అవతల ఉన్నది మనిషో యంత్రమో కనిపెట్టే పరీక్ష, పెట్టారు. ఎవరిలా మాట్లాడాలో స్వభావం రాసి ఇచ్చిన జీపీటీ-4.5ను 73 శాతం సార్లు మనిషే అనుకున్నారు. అదే మోడల్‌కు ఆ స్వభావం ఇవ్వకపోతే 36 శాతమే. స్వభావం ఇవ్వని జీపీటీ-4ఓకు 21 శాతం వస్తే, 1966 నాటి ఎలైజాకు 23 వచ్చింది. మోడల్ వద్దని నేను అనను, వచ్చే పాఠంలో చిన్నదొకటి తగిలిద్దాం. కానీ అడిగిన ప్రతిదానికీ పూర్తి వాక్యాల్లో, తప్పుల్లేకుండా, మర్యాదగా జవాబిచ్చే మోడల్‌కు మీరు ఇవాళ రాసిన ఈ ఆలస్యాలు, గడులు పైన కాపలా ఉండాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. ఈ బాట్‌ను మన సొంత సర్వర్‌లోనే, ఇక్కడ ఆడేవాళ్లలో ఒకటి బాట్ అని ముందే చెప్పి, ఎవరో కనిపెట్టండని పందెం వేసి ఆడించండి. ఆ పందెం ఉంటే ఆట ఇంకా రంజుగా ఉంటుంది కూడా. చెప్పకుండా పెద్ద గేమ్‌లలోకి వదిలితే నిబంధనల ప్రకారం ఐడీ పోవచ్చు. అంతకంటే ముఖ్యం, అవతల రాత్రిపూట ఒంటరిగా కూర్చుని మనసులోది చెప్పుకునే కుర్రాడు ఉంటాడు, అతన్ని మోసం చేయడం తప్పు. ఏదైనా కొనిపించడానికో ఓటు వేయించడానికో బాట్‌ను మనిషిగా నమ్మించడం కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి చట్టవిరుద్ధం. అందుకే నియమాల పట్టికలో అన్నిటికంటే పైన ఒక నియమం పెట్టండి: పందెం పక్కన పెట్టి ఎవరైనా నిజంగా అడిగినా, బాధలో ఉన్నట్టు మాట్లాడినా, బాట్ వెంటనే తాను ప్రోగ్రామ్‌నని చెప్పి, సర్వర్ నడిపేవాళ్లకు కబురు పంపాలి. దీనికి ఆలస్యం లెక్క వర్తించదు.

ఈ వారం పని: ఇద్దరు ముగ్గురు స్నేహితుల అనుమతి తీసుకుని వాళ్ల గేమ్ చాట్ ఒక గంటది దాచండి, ఒక్కో జవాబుకు ఎంతసేపు పట్టిందో రాసి గ్రాఫ్ గీయండి, మీ లాగ్‌నార్మ్‌వేరియేట్ సంఖ్యలను దానికి సరిపోయేలా సర్దండి. తర్వాత అదే చాట్‌లో ‘ఆ’తో ముగిసే మాటలన్నీ ఏరి, వాటిలో ఎన్ని క్రియలో, ఎన్ని ప్రశ్నలో, ఎన్ని పిలుపులో విడదీయండి. ఆ మూడు జాబితాలూ ఐదో పాఠానికి కావాలి, అవి లేకుండా మోడల్ తగిలించడం మొదలుపెట్టలేం.