మిద్దె మీద మడి, నాలుగో పాఠం: ఒత్తు తీయడం (మిగిలిన జాగాలో నారు పోయడం)

ఈసారి టమాటా, వంగ నారు పోసుకుందామని పోయిన పాఠంలో చెప్పాను. పోసుకుందాం గానీ అది చివర్లో. ఆకుకూరలు చల్లమన్నప్పటి నుంచి నా ఫోనుకు వస్తున్న ఫొటోలు చూస్తుంటే, ఆ చిక్కు తీయకుండా ముందుకు పోతే టమాటాకూ అదే గతి పట్టేలా ఉంది.

ఫొటోలన్నీ ఇంచుమించు ఒకటే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పున్న గ్రో బ్యాగు. దాన్నిండా పచ్చటి చాప పరిచినట్టు తోటకూర మొలకలు. కింద "ఎంత బాగా వచ్చాయో చూడండి" అని సంబరం. అయిదారు రోజులకు అదే బ్యాగు మళ్ళీ వస్తుంది. కాడలు దారప్పోగుల్లా సాగి, ఒకవైపుకి ఒరిగిపోయి, మొదళ్ళు నల్లబడి. "ఏం మందు కొట్టమంటారు?" ఏ మందూ వద్దు. కిక్కిరిసిన మొలకల్లో కొన్నిటిని తీసేసి మిగతావాటికి ఎడం ఇవ్వాలి, ఒత్తు తీయడం అంటే అదే. ఇంట్లో కత్తెర ఉంది కదా, అది తెచ్చుకోండి.

అంతకన్నా ముందు కొత్తిమీర సంగతి తేల్చేస్తాను, అందులో తప్పు నాది కాబట్టి. "ధనియాలు నలిపి చల్లండి" అని ఒక్క ముక్కతో వదిలేశాను. ఒకావిడ మిక్సీలో ఒక తిప్పు తిప్పారట. మనం ధనియాల గింజ అనుకునేది రెండు గింజలు అతుక్కుని ఉన్న కాయ. ఆ రెండూ విడిపోతే చాలు, పగలకూడదు. గచ్చు మీద పోసి చపాతీ కర్రతో మెత్తగా దొర్లించండి. నేనైతే పాత హవాయి చెప్పుతో రుద్దుతాను, కర్ర కంటే అదే నయం. తర్వాత రాత్రంతా నానబెట్టి, పొద్దున నీడలో ఆరబెట్టి చల్లుకోవాలి. మొలవడానికి పది రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. మెంతులు మూడో నాలుగో రోజుకే తల ఎత్తుతాయి కాబట్టి, వాటిని చూసి ధనియాలు చచ్చాయనుకుని ఆరో రోజున మట్టి కెలికినవాళ్ళు ముగ్గురు తేలారు. కెలకొద్దు.

ఇక తోటకూర దగ్గరికి వద్దాం.

తోటకూర గింజలు గ్రాముకు వెయ్యికి పైనే తూగుతాయి. మీ బ్యాగు వెడల్పూ పొడవూ హెచ్చవేస్తే రెండు చదరపుటడుగులు. కోసుకుంటూ మళ్ళీ చిగురు తీసే పద్ధతిలో పెంచాలంటే మొక్కకీ మొక్కకీ నాలుగంగుళాలు కావాలి. అంటే ఆ బ్యాగులో పట్టేవి పద్దెనిమిది. వేళ్ళతో సహా లేతగా పీక్కునేటట్టయితే రెండంగుళాల ఎడం చాలు, డెబ్బై దాకా పడతాయి. మీరు చల్లింది అర గ్రామే అనుకున్నా అయిదు వందలు. నాకు ఫొటో పంపిన ఒకాయన ప్యాకెట్ మొత్తం కుమ్మరించారు. "మొలిచినన్ని మొలుస్తాయిలే అనుకున్నాను" అన్నారు. మొలిచాయి పాపం, అన్నీ.

అలా కిక్కిరిసిన మొలకల్లో జరిగేది ఇది. పక్కదాని నీడ తన మీద పడకుండా ప్రతి మొలకా పైకి పైకి సాగుతుంది. ఉన్న శక్తంతా కాడ పొడవుకే పోతుంది, లావు రాదు. గుబురు లోపలికి గాలి పోదు, పోసిన నీళ్ళు మొదళ్ళ దగ్గర ఆరవు. ఆ తడిలో నారుకుళ్ళు తెగులు బూజు చేరి, మట్టికి ఆనుకున్న చోట కాడను మెత్తబరుస్తుంది. ఒకటి పడిందంటే దాని పక్కది, ఆ పక్కది. మీరేమో ఎండిపోతున్నాయేమోనని ఇంకో చెంబు పోస్తారు.

మొలిచిన ఎనిమిది పది రోజులకు, అసలు ఆకులు (మొలకతోపాటే విచ్చుకునే తొలి జత కాదు, దాని తర్వాత వచ్చేవి) రెండు కనిపించగానే మొదటి ఒత్తు తీయాలి. సాయంత్రం పూట, కాస్త తడి ఉన్నప్పుడు. పీకకండి, పీకితే పక్క మొక్క వేరు కూడా లేస్తుంది. మట్టి మట్టానికి కత్తెరతో తుంచేయండి. అంగుళానికి ఒకటి మిగలాలి. ఇంకో పది రోజులకు రెండో విడత, అప్పుడు రెండంగుళాలు. ఆ పైన నాలుగంగుళాల ఎడం వచ్చేదాకా తీసినవన్నీ కూరకే. మొదటిసారి తీసినవి కూడా పారేయక్కర్లేదు, పప్పులో వేయండి, గుప్పెడే వస్తుంది అనుకోండి.

ఇంత చెప్పినా చేయరని నాకు తెలుసు. ప్రతిసారీ ఇక్కడే బండి ఆగుతుంది. "ప్రాణం ఉన్న మొక్కను ఎలా తుంచను?", "బలహీనమైనవి వాటంతటవే పోతాయి కదా", "ఇంకో వారం చూసి తీస్తాను". ఒకమ్మాయి ఒత్తు మొక్కలన్నీ జాగ్రత్తగా పెకలించి ఇంకో బ్యాగులో అంతే ఒత్తుగా నాటింది. మరొకాయన ప్రతి రెండు మొలకలకు ఒకటి తీసి, "సగం తీసేశాను" అన్నారు. అయిదు వందల్లో సగం రెండు వందల యాభై! తీసినవి ఎన్నో నాకు చెప్పకండి, ఉన్నవి ఎన్నో చెప్పండి.

నువ్వులు వేసే రైతు ఇసుకలో గింజ కలిపి విత్తుతాడు, పదిహేను రోజులకు ఒత్తు మొక్కలు తీసేస్తాడు. మా అమ్మ చిన్నప్పుడు నన్ను ఆ పనికి తోలుకుపోయేది. మొక్క మొక్కకూ జానకు కొంచెం తక్కువ ఉండేలా చూసుకుంటూ పోవాలి. నేను బాగున్నవన్నీ వదిలి వాడినవాటి కోసం వెతుకుతుంటే, సాలు సగం కూడా అయ్యేది కాదు. "బాగున్నది, బాలేనిది కాదు, దూరం చూడు" అనేది. బాగున్న రెండు పక్కపక్కన ఉంటే ఒకటి పోవాల్సిందే.

ఆ ఇసుక కిటుకు మీరూ వాడుకోండి. చిటికెడు తోటకూర గింజలకు గుప్పెడు పొడి ఇసుక కలిపి, మూతకు చిల్లులున్న ఉప్పు డబ్బాలో పోసి చల్లితే సగం తలనొప్పి పోతుంది. పాలకూరకు మాత్రం ఇది పనిచేయదు. అక్కడ చేతికి గరుగ్గా తగిలేది ఒంటి గింజ కాదు, కొన్ని గింజలు కలిసి గట్టిపడిన ముద్ద. దూరం దూరంగా ఒక్కొక్కటే నాటినా ఒక్కో చోట రెండు మూడు మొలకలు లేస్తాయి. "నేను ఒక్కటే వేశాను సార్, ప్యాకెట్ కల్తీ" అన్నవారికి ఇదే జవాబు.

మెంతికూరకు ఈ గొడవ లేదు. ఎలాగూ మూడు వారాలకు మొత్తం పీకేస్తాం, ఒత్తుగానే వేసుకోండి. కొత్తిమీరా అంతే, మరీ చాపలా తప్ప. పుంటికూర (గుంటూరు వైపు వారికి గోంగూర) ఏపుగా కొమ్మలేసే జాతి, బ్యాగుకు నాలుగు మొక్కలు దాటనివ్వను. మధ్యలో గంగవాయిలి దానంతటదే మొలిస్తే కలుపని పీకి పారేయకండి, పప్పులో దానికి సాటి లేదు. ఇది నా పక్షపాతం.

"రిటైరయ్యాక ఇరవై గుంటలు కొనుక్కుని ఊరికి పోదామనుకుంటున్నాం, ఈ కత్తెర పనులు మాకెందుకు?" అని ఒక జంట అడిగారు. ఇరవై గుంటలంటే అర ఎకరం, 2,420 గజాలు. మీ మిద్దె మీద కుండీలు పరిచిన జాగా రెండు వందల చదరపుటడుగులు అనుకుంటే అది గుంటలో అయిదో వంతు కూడా కాదు. మీరు కొనబోయేది దానికి నూటికి పైగా రెట్లు. ఒక బ్యాగులో ఒత్తు తీయడానికి పది నిమిషాలు పట్టిందనుకోండి, రెండు చదరపుటడుగులకు పది నిమిషాలు. దాన్ని అర ఎకరానికి, అంటే 21,780 చదరపుటడుగులకు హెచ్చవేసి చూడండి. కూలీలను ఎప్పుడు పిలవాలో, ఎన్ని సాళ్ళు ఆకుకూర వేయాలో, అసలు వేయాలో వద్దో ఆ లెక్కే చెబుతుంది. నేను అయిదేళ్ళుగా ఈ లెక్క వేస్తూనే ఉన్నాను, అందుకే ఇంకా కొనలేదని మా ఇంట్లో ఎగతాళి.

సరే, నారు. దీపావళి దాటింది కాబట్టి ఆలస్యం చేయకండి. ప్రో ట్రేలు (నారు పోసే గుంటల ప్లాస్టిక్ పళ్ళేలు) కొననక్కర్లేదు, పేపర్ టీ కప్పులకు అడుగున వెలిగించిన అగరుబత్తితో మూడు చిల్లులు పెడితే చాలు. సగం కొబ్బరి పొట్టు, సగం జల్లించిన వర్మీకంపోస్టు. కప్పుకు రెండు గింజలు, అర అంగుళం లోతు మించకుండా. రెండూ మొలిస్తే ఒకటి కత్తిరించాలి (ఏ కత్తెరో మీకు తెలుసు). గింజలు గులాబీ రంగులోనో నీలంగానో ఉంటే అది విత్తనశుద్ధికి పట్టించిన మందు, నానబెట్టకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. టమాటా నారు నెలలోపు నాటుకు వస్తుంది, వంగ అయిదారు రోజులు ఎక్కువ తీసుకుంటుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ లాంటి హైబ్రిడ్ (రెండు రకాలను సంకరం చేసిన) టమాటా వేసుకుంటే తెగుళ్ళ బెడద తక్కువ గానీ, దాని పండ్లలో గింజ దాచుకుని మళ్ళీ వేస్తే అదే మొక్క రాదు. మిరప నేను చెప్పను. ఆకుముడతతో పోరాడే ఓపిక నాకు లేదు.

అభ్యాసం, ఈసారి కాస్త పెద్దది. ఒక బ్యాగు మధ్యలో పురికొస కట్టి రెండు భాగాలు చేయండి. రెండింటిలో ఒకే రోజు, ఒకే కొలత తోటకూర. ఎడమవైపు పైన చెప్పినట్టు ఒత్తు తీయండి, కుడివైపు ముట్టుకోకండి. నలభై రోజుల పాటు ఎటు కోసినా వంటింటి తూకం మీద గ్రాముల్లో తూచి విడివిడిగా రాయండి, ఒత్తు తీసి పప్పులో వేసినదాంతో సహా. రోజూ ఎన్ని లీటర్ల నీళ్ళు పోశారో, ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా. ఇరవై గుంటల జంట మాత్రం రెండు బ్యాగుల్లో చేయాలి. నోటు పుస్తకంలో రాసిన పేజీ ఫొటో పంపండి. మొక్కల ఫొటోలు వద్దు.