బ్యాండు వెనక పని – 4వ పాఠం: సౌండ్ చెక్, మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 6 దాకా

పోయిన పాఠంలో వైర్లు లాగి, స్టేజీ బాక్సులో (వేదిక మీది వైర్లన్నీ చేరి మిక్సరుకి వెళ్ళే పెట్టె) గుచ్చి, ప్రతి వైరుకీ రెండు చివర్లా ఒకే నంబరు చీటీ అంటించాం. జనరేటరు నడుస్తోంది. మల్టీమీటరు పెడితే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 2 వోల్టుల లోపు చూపిస్తోంది. ఈ రెండో అంకె 5 దాటిందంటే ఇక్కడే ఆగి, రెండో పాఠంలోని ఎర్త్ రాడ్డు దగ్గరికి వెనక్కి వెళ్ళండి.

ఈ పాఠానికి నమూనా: విజయనగరం అయోధ్యా మైదానం లాంటి బయలు, డిసెంబరు నెల, 1500 కుర్చీలు, 40 అడుగుల వెడల్పూ 24 అడుగుల లోతూ ఉన్న వేదిక. క్రైస్తవ సభ, ఏడుగురి బ్యాండు. పాటల మధ్య ప్రార్థన, ఆఖర్న పాస్టరు గారి వాక్యం (బైబిలు ప్రసంగం). ఆరంభం 6 గంటలకి. సెట్టు విశాఖ నుంచి వస్తుంటే లారీ ఉదయం 10కల్లా మైదానంలో ఉండాలి. శ్రీకాకుళంలో అయితే ఇంకో గంటన్నర ముందే బయల్దేరాలి.

చాలా మంది మైకుసెట్టు వాళ్ళు సౌండ్ చెక్‌ని డ్రమ్స్‌తో మొదలెడతారు. కిక్ డ్రమ్ము దబదబమంటుంటే గంట గడిచిపోతుంది, గాయకుడికి పది నిమిషాలు మిగులుతాయి. ఈ సభల్లో అది తలకిందుల పని. వచ్చినవాళ్ళలో సగం మందికి పాట నోటికొచ్చు, కూడా పాడతారు. మాట అందకపోతే గిటారు ఎంత బాగా మోగినా వాళ్ళకి పాట లేనట్టే. కాబట్టి గొంతు ముందు, మిగతావన్నీ దాని చుట్టూ.

లైన్ చెక్ (20 నిమిషాలు)

ఇందులో సంగీతం ఉండదు, ప్రతి వైరూ పనిచేస్తోందో లేదో చూడడమే. ఒకరు వేదిక మీద, ఒకరు మిక్సరు దగ్గర. మెయిన్ బాక్సులు (జనం వైపువి) మ్యూట్‌లో ఉంచి హెడ్‌ఫోన్‌లోనే వినాలి. ఛానళ్ళ వరస ముందే కాగితం మీద రాసి మిక్సరుకి అంటించండి: 1 కిక్, 2 స్నేర్, 3 హైహ్యాట్ (మూడూ డ్రమ్స్‌లో భాగాలే), 4–5 డ్రమ్స్ పైమైకులు, 6 బేస్ గిటారు, 7 ఎలక్ట్రిక్ గిటారు, 8 అకూస్టిక్, 9–10 కీబోర్డు, 11–12 రిథమ్ ప్యాడ్, 13 ట్రాక్ (ముందే రికార్డు చేసిన సంగీతం), 14 క్లిక్ (బ్యాండు చెవిలో మాత్రమే మోగే తాళం), 15 ప్రధాన గాయకుడు, 16–18 కోరస్, 19 డప్పు లేదా వయొలిన్, 20 పాస్టరు గారి మైకు.

ఒక్కో మైకు దగ్గరా వేలితో తట్టకుండా మాట్లాడాలి. తడితే వైరు బతికుందని తెలుస్తుంది గానీ సగం తెగిన వైరు తెలియదు. మూడు పిన్నుల కనెక్టరులో 1 షీల్డు, 2, 3 సిగ్నలు. 2, 3లలో ఒకటి తెగినా శబ్దం వస్తూనే ఉంటుంది, కాకపోతే పలచగా, గరగరమని. కనెక్టరు దగ్గర వైరుని అటూ ఇటూ వంచి చూస్తే దొంగ దొరుకుతుంది. కండెన్సర్ మైకులకీ యాక్టివ్ డీఐ బాక్సులకీ (డీఐ అంటే వాద్యం సిగ్నలుని మైకు వైరుకి తగ్గట్టు మార్చే పెట్టె) 48 వోల్టుల ఫాంటమ్ (మిక్సరు నుంచి మైకు వైరులోనే వెళ్ళే కరెంటు) ఇవ్వడం మర్చిపోయి, మైకు పాడైందని లారీ అంతా వెతకడం మామూలే.

హమ్మింగు వస్తే చెవి పెట్టి పోల్చుకోండి. లోతుగా ‘మ్‌మ్’ అంటే ఎర్తు రెండు దారుల్లో తిరుగుతోంది: డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట (సిగ్నలు వైరు షీల్డుని ఎర్తు నుంచి విడదీసేది) నొక్కండి. సన్నగా ‘జ్‌జ్’ అంటే లైట్ల డిమ్మరుది. లైట్ల ఫేజూ సౌండ్ ఫేజూ వేరు చేయాలి, సిగ్నలు వైరు కరెంటు వైరుకి అడుగు దూరం జరపాలి. హమ్ పోవడానికి ప్లగ్గు ఎర్తు పిన్ను విరిచేసే అలవాటు ఒకటుంది. గిటారు తీగ మీద చెయ్యి, మైకు మీద పెదవి ఉన్న మనిషి ఒంట్లోంచే అప్పుడు కరెంటు ఎర్తుకి దారి వెతుక్కుంటుంది. ఆ పని ఎవరు చేసినా ఆపండి.

ట్రాకూ క్లిక్కూ ఒకే ల్యాప్‌టాప్ నుంచి వస్తే ఎడమ వైపు క్లిక్, కుడి వైపు ట్రాక్ పెట్టుకోవడం ఎక్కువ బ్యాండ్ల పద్ధతి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి రెండు డీఐలకి వెళ్ళాలి. ఛార్జరు గుచ్చగానే కిచకిచమంటే ఆ పాట అయ్యేదాకా బ్యాటరీ మీద నడపండి, లేదా గ్రౌండ్ లిఫ్ట్ చేయండి. క్లిక్ ఛానలుకి మెయిన్ బాక్సుల దారి పూర్తిగా తీసేయండి, ఫేడరు (ఛానలు శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీట) దించితే చాలదు. 1500 మంది ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు ‘టక్ టక్ టక్’ మైదానమంతా వినిపించడం కన్నా సిగ్గు ఈ పనిలో లేదు.

విజయనగరంలో 1919 నుంచీ సంగీత కళాశాల ఉంది కాబట్టి బ్యాండుకి వయొలిన్ వాయించేవాళ్ళు దొరకడం కష్టమేమీ కాదు. వయొలిన్ పియెజో పికప్‌ని (అదురుని సిగ్నలుగా మార్చే ముక్క) మామూలు పాసివ్ డీఐకి కలిపితే అడుగు స్వరాలు చచ్చి రేకు డబ్బా గీకినట్టుంటుంది. 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ కావాలి. వాయించేవాళ్ళని నిందించేముందు ఆ బాక్సు చూడండి.

గెయిన్

గెయిన్ అంటే సిగ్నలు మిక్సరులోకి వచ్చేచోట దాన్ని పెంచే మీట. డిజిటల్ మిక్సరులో ప్రతి ఛానలూ మీటరు మీద మామూలుగా –18 డీబీ (డెసిబెల్) దగ్గర ఆడాలి, గట్టి దెబ్బకి –6 దాటకూడదు. గాయకుడితో ‘హలో హలో’ అనిపించి గెయిన్ పెడితే మోసపోతారు. ఆ రోజు పాడబోయే పాటల్లో అన్నిటికన్నా పైస్థాయి చరణం పాడించి పెట్టండి. ఒకసారి పెట్టాక గెయిన్ మీద చెయ్యి వేయొద్దు. మానిటర్లకి (బ్యాండుకి వినిపించే వేదిక మీది బాక్సులు) వెళ్ళే దారి ఫేడరుకి ముందు నుంచి వెళ్తుంది కాబట్టి ఫేడరు కదిపితే వేదిక మీద తేడా రాదు. గెయిన్ కదిపితే మాత్రం ఏడుగురి మానిటర్లూ ఒక్కసారే మారిపోతాయి, కూత (బాక్సు శబ్దం మళ్ళీ మైకులోకి దూరి తిరగడం) మొదలవుతుంది. పాట నడుమ వచ్చే కూతల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే.

మానిటర్లు

మైకు రకం చూసి మానిటరు పెట్టాలి. షూర్ ఎస్‌ఎమ్ 58 లాంటి కార్డియాయిడ్ మైకుకి చెవుడు సరిగ్గా తోక వైపు ఉంటుంది, కాబట్టి మానిటరు గాయకుడి ఎదురుగా నేల మీద ఉండాలి. బీటా 58 సూపర్ కార్డియాయిడ్. దానికి తోక వైపు కొంచెం వినబడుతుంది, చెవుడు రెండు పక్కలా వెనక్కి 120 డిగ్రీల చుట్టూ ఉంటుంది. దానికి సరిగ్గా తోక వైపు ఒక్క మానిటరు పెట్టే బదులు రెండు మానిటర్లు కొంచెం పక్కలకి పెట్టండి. రెండు మైకులూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, పేరు చదవండి.

ఇప్పుడు కూతని కావాలనే పిలవాలి. గాయకుడి మైకు ఒక్కటే తెరిచి, అతని మానిటరు మెల్లగా పెంచుతూ పోండి. ‘హూ’ అని గుమ్మటంలో మోగినట్టు మొదలైతే 250–400 హెర్ట్జ్, ‘కూ’ అంటే 1000 దగ్గర, చెవిలో సూది పెట్టినట్టు ‘కీ’ అంటే 2500–4000. ఆ మానిటరు 31 పట్టీల ఈక్వలైజరులో (ఒక్కో స్వర మేరని విడిగా పెంచే, తగ్గించే సాధనం) ఆ పట్టీ 3 డీబీ దించి మళ్ళీ పెంచండి. నాలుగైదు పట్టీలు దించాక ఆపేయండి. ఇంకా దించుకుంటూ పోతే గొంతులో ప్రాణం పోతుంది, గాయకుడు ఇంకా పెంచమంటాడు, మళ్ళీ కూత.

మైకు బుర్రని గుప్పిట్లో మూసి పట్టుకునే గాయకులుంటారు, అదో రాక్ ఠీవి. బుర్ర వెనక చీలికలు మూతపడితే మైకుకి దిశ పోతుంది, అన్ని వైపులా వింటుంది, ఇందాక మీరు చేసిన పనంతా వృథా. పిడి పట్టుకోమని ఇప్పుడే చెప్పాలి, కార్యక్రమంలో చెప్పలేరు.

“నాది నాకు ఇనపడ్డం నేదన్నయ్యా, కాసింత పెంచు” – ఈ మాట కోరస్ నుంచి ఎలాగూ వస్తుంది. వెంటనే పెంచకండి. ఆ మానిటరులో ఇంకేమున్నాయో చూసి, అక్కర్లేనివి దించండి. గాయకులకి కావాల్సింది తమ గొంతు, కీబోర్డు, కొద్దిగా ట్రాక్. డ్రమ్స్ ఎలాగూ వెనక నుంచి వినిపిస్తూనే ఉంటాయి. డ్రమ్మరుకీ బేస్ వాయించేవాళ్ళకీ ఇయర్‌ఫోన్లు ఇస్తే వేదిక మీద రెండు పెద్ద మానిటర్లు తగ్గుతాయి. ఆ మేరకి బయట మాట తేటపడుతుంది.

బయటి బాక్సులు

గొంతుకి 100–120 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆడగొంతుకి 150 దాకా కోసినా నష్టం లేదు. గాలి మోతా, మైకు పట్టు మార్చినప్పుడు వచ్చే దబ్బుమనే శబ్దమూ అక్కడే ఉంటాయి. తర్వాత కీబోర్డు, ఆ తర్వాత బేస్, కిక్, ఆఖర్న గిటారు. ఒక్కో వాద్యం చేర్చినప్పుడల్లా గొంతు మాట మళ్ళీ వినండి. గిటారు వచ్చాక మాట మసకబారితే గొంతు పెంచకుండా గిటారులో 2000–3000 మధ్య 3 డీబీ దించండి. తెలుగు హల్లుల పదును ఆ మేరలోనే ఉంటుంది.

సబ్‌వూఫర్లు (అడుగు స్వరాల పెద్ద బాక్సులు) వేదికకి చెరో పక్కా పెడితే మధ్యలో గుండె అదురుతుంది, నాలుగడుగులు పక్కకి జరిగితే బేస్ మాయమవుతుంది. రెండు వైపుల అలలూ ఒకచోట కలిసి, ఇంకోచోట కొట్టుకుపోవడం వల్ల ఇది జరుగుతుంది. బయలు మైదానంలో అన్నిటినీ వేదిక ముందు మధ్యలో ఒకచోట చేర్చడమే మేలు.

ముందు వరసలో కూర్చునేది సంఘ పెద్దలు. పెద్ద బాక్సులు వాళ్ళ తలల మీదుగా వెనక్కి చూస్తుంటాయి. వాళ్ళకి నేరుగా తగిలేది స్నేర్ దెబ్బా, గిటారు ఆంపూ. ‘బాదుడే గానీ వాక్యం ఏదీ’ అని వాళ్ళు విసుక్కుంటే దాన్ని తరాల తగువుగా తీసుకోకండి. (అమెరికాలో 1972లో మొదలైన పెట్రా అనే క్రైస్తవ రాక్ బ్యాండు నాటికే ఈ తగువు ఉంది, అందులో కొంత నిజంగానే తరాలది.) ఇక్కడ మందు చవక: వేదిక అంచున 8 అంగుళాల చిన్న బాక్సులు రెండు పెట్టి, వాటికి గొంతులూ కీబోర్డూ మాత్రమే పంపండి. గిటారు ఆంపుని జనం వైపు కాకుండా వాయించేవాడి చెవి వైపు ఏటవాలుగా తిప్పండి.

వెనక కుర్చీల కోసం 30 మీటర్ల దగ్గర ఇంకో జత బాక్సులు పెడితే వాటిని ఆలస్యం చేయాలి. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి సుమారు 349 మీటర్లు పోతుంది, అంటే 30 మీటర్లకి 86 మిల్లీసెకన్లు. దానికి ఇంకో 10 కలిపి 96 పెడితే మాట వేదిక నుంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది. ఆలస్యం పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. రాత్రి 20 డిగ్రీలకి దిగినా తేడా మిల్లీసెకనున్నర, మార్చక్కర్లేదు.

మూడింటి సౌండు ఏడింటికి ఉండదు

ఎండకి నేల కాగి ఉన్నప్పుడు శబ్దం పైకి వంగిపోతుంది. పొద్దుగూకి నేల చల్లబడితే పైగాలి వెచ్చగా, కిందిగాలి చల్లగా ఉండి శబ్దం నేలవైపు వంగుతుంది, దూరం పోతుంది. మధ్యాహ్నం పక్క వీధికి చేరని బేస్ రాత్రి రెండు వీధులు దాటుతుంది. దీనికి తోడు ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు శబ్దాన్ని తిప్పికొడతాయి, మనుషులు తాగేస్తారు. కాబట్టి మధ్యాహ్నం పై స్వరాలు కాస్త చురుగ్గా అనిపిస్తే అలాగే వదిలేయండి. మిక్సరు దగ్గర 95 డీబీ దాటనివ్వకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకరు నిషేధం. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించి ఉండొచ్చు. అనుమతి కాగితం జిరాక్సు మిక్సరు దగ్గరే ఉంచండి.

మంచు ఇంకో సంగతి. ఉక్కు తీగలు చల్లబడితే కుంచించుకుని బిగుస్తాయి, శ్రుతి పైకి పోతుంది. 5.30కి ఒకసారి, మొదటి పాట అయ్యాక ఇంకోసారి ట్యూన్ చేయాలి. డప్పు తోలు దీనికి ఎదురు: తేమ పీల్చి సాగిపోయి ‘డబ్బు డబ్బు’ మంటుంది. డప్పు ఉన్న పాటని వరసలో ముందుకు తేండి. కాచుకోవడానికి చిన్న మంట కావాలంటే వేదిక వెనక, జనరేటరు డీజిలుకి 20 మీటర్లు దూరంగా, పక్కన బకెట్టు ఇసకతో. కండెన్సర్ మైకులు వాడనంతసేపూ గుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే చిటపటమంటాయి.

పాత కీర్తనల దగ్గర ఒక్క జాగ్రత్త. పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి గానీ ఎవరి శ్రుతి వాళ్ళదే. గాయకుడు మారితే కీబోర్డు ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) నొక్కుతారు, తర్వాతి పాటకి తీయడం మర్చిపోతారు. ఆ తర్వాతి పాటకి ట్రాక్ ఉందంటే ట్రాక్ ఒక శ్రుతి, కీబోర్డు ఒక శ్రుతి. పాటల జాబితాలో ప్రతి పాట పక్కనా శ్రుతి, ట్రాన్స్‌పోజ్ అంకె, ట్రాక్ ఉందా లేదా అనే మూడూ పెద్దక్షరాల్లో రాసి కీబోర్డుకి అంటించండి.

ఆఖరి పావుగంటలో మిక్సరులో మూడు సీన్లు (మీటల అమరికలు) భద్రం చేయండి. పాట: అన్నీ తెరిచి. ప్రార్థన: కీబోర్డు, ప్రధాన గాయకుడు, పాస్టరు గారు తప్ప అన్నీ మ్యూట్. వాక్యం: పాస్టరు గారి మైకూ, సన్నగా కీబోర్డూ. కాలర్ మైకుతో ఆయన వేదిక దిగి బాక్సుల ముందుకి నడిస్తే కూత తప్పదు. ఎక్కడిదాకా నడవొచ్చో నేల మీద టేపు అంటించి, ఆయనకి ముందే మర్యాదగా చూపించండి. మిక్సరూ ల్యాప్‌టాపూ 1 కేవీఏ యూపీఎస్ మీద ఉన్నాయో లేదో ఒకసారి జనరేటరు వైరు పీకి చూడండి. బాక్సులు ఆగాలి, మిక్సరు తెర వెలుగుతూ ఉండాలి.

అభ్యాసం

మీ చర్చిలో ఒక మైకు, ఒక మానిటరు, ఒక మిక్సరు చాలు. మానిటరుని మైకు మూతి వైపు, పక్కన, తోక వైపు పెట్టి, మూడుచోట్లా కూత మొదలయ్యే మానిటరు ఫేడరు అంకె రాసుకోండి. తర్వాత మైకు బుర్ర గుప్పిట మూసి అదే మళ్ళీ చేయండి. మొత్తం ఆరు అంకెలు. 5వ పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. కార్యక్రమం నడుస్తుండగా వైర్‌లెస్ మైకు తెగిపోతే ఏ ఫేడరు ఎంత కదపాలో లెక్క దాంతోనే కడతాం.