నవల మీద వాదించడం, 3వ పాఠం: మేమా, మనమా?

పోయిన పాఠంలో ఒక్క సన్నివేశం ఎంచుకుని, దాని మీదే నిలబడి మాట్లాడమన్నాను. ఈసారి అసలు గొడవలోకి దిగుదాం. రాజకీయ నవలలో వ్యక్తి ముఖ్యమా, సమూహమా?

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర మొన్న సాధన చేస్తుంటే, గ్రూప్స్‌కి చదువుతున్న ఒక తమ్ముడు లేచి “సమాజం లేనిదే మనిషి లేడు” అన్నాడు. అవతలి అమ్మాయి “మనుషులు లేనిదే సమాజం ఎక్కడిది?” అంది. వాదన అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ పుస్తకం తెరవలేదు.

తెరుద్దాం. అయన్ రాండ్ ‘ఆంథెమ్’ 1938లో వచ్చిన చిన్న నవల. ఆ లోకంలో ‘నేను’ అనే మాట లేదు. తన గురించి చెప్పుకున్నా బహువచనమే. వీధులూడ్చే కుర్రాడొకడు రాత్రిళ్లు దొంగచాటుగా సొరంగంలో కూర్చుని కరెంటు దీపం వెలిగిస్తాడు. పండితుల సభకు పట్టుకెళ్తాడు. వాళ్లు హడలిపోతారు. అందరూ కలిసి ఆలోచించనిది నిజం కాదంటారు. పైగా, ఇది వస్తే కొవ్వొత్తుల శాఖ గతేంకాను?

వ్యక్తి పక్షానికి ఇంతకన్నా బలమైన సన్నివేశం దొరకదు. మీరు సమూహం పక్షమైతే ఏమంటారు? “అందరు పండితులూ అలా ఉండరు” అని తప్పించుకోకండి. ఆ కథలోనే వెతకండి. సొరంగం అతను తవ్వింది కాదు. ఆ తీగలు ఎప్పుడో గతించిన మనుషులు వదిలివెళ్లినవి. వెలిగించిన దీపాన్ని అతను దాచుకోలేదు, అందరికీ ఇవ్వాలనే తెచ్చాడు. దీనికి అవతలివాళ్ల జవాబు కూడా గట్టిదే: సొరంగం అందరి కాళ్ల కిందా ఉంది, దిగింది ఒక్కడే.

ఇక్కడే తెలుగు మనకు సాయం చేస్తుంది. ఎదుటివాణ్ని బయట పెట్టేది ‘మేము’, కలుపుకునేది ‘మనం’. పండితులది ‘మేము’. దీపం తెచ్చినవాడు ఆశపడింది ‘మనం’ కోసం. కాబట్టి ఎవరు ‘సమాజం’ అన్నా ముందు అడగండి: మేమా, మనమా? బయట ఎవరు మిగిలారు? నేను సమూహం వైపు మొగ్గేవాణ్నే. అయినా ‘మనం’ అని పిలిచి ‘మేము’గా తలుపేసుకునే సమూహమంటే నాకు భయం.

రెండోదైన సమూహం పక్షానికి వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ తీసుకోండి. ఆయన సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టిందీ 1938లోనే. దొరతనానికి ఎదురు నిలిచిన జనం కథ ఈ నవల, కానీ పేరులో ఉన్న ‘మనిషి’ ఏకవచనం. కథానాయకుడు కంఠీరవం లేకపోతే ఆ ఊరు కదిలేదా? ప్రశ్న వేసి, సన్నివేశం చూపించండి.

ఈ వారం సాధన: మీకు నచ్చని పక్షాన అరపేజీ రాయండి. ‘సమాజం’, ‘స్వేచ్ఛ’ అనే మాటలు వాడకూడదు. ఆ పక్షం వాళ్లకే చదివి వినిపించండి. “నేననేది ఇదే” అని వాళ్లు ఒప్పుకునేదాకా తిరగరాయండి. ఎదురుప్రశ్న ఎలా వేయాలో 4వ పాఠంలో.