ఇంట్లో స్టౌట్ బీర్ ట్యాప్ బిగించే ముందు జాగ్రత్తలు

స్టౌట్ అనే నల్లని బీర్‌ను కెగ్ (లోహపు పీపా) నుంచి ట్యాప్‌కు తోసేది సిలిండర్‌లోని గ్యాసే. ఆ గ్యాస్ వాల్వ్ మీద చేయి వేయకముందే ఇవన్నీ సరిచూసుకోండి.

• సిలిండర్‌ను నిలువుగా ఉంచి, కదలకుండా గోడకు గొలుసుతో కట్టండి. నిండు సిలిండర్‌లో పీడనం 2000 పీఎస్ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) వరకూ ఉంటుంది. కిందపడి వాల్వ్ విరిగిందంటే అది రాకెట్‌లా దూసుకుపోతుంది. ఇక్కడ మాత్రం బద్ధకం అసలు పనికిరాదు.

• స్టౌట్‌కు సాధారణంగా వాడేది 75 శాతం నైట్రోజన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాయువు. దాని రెగ్యులేటర్ వేరు. వట్టి కార్బన్ డయాక్సైడ్ కోసం చేసినదాన్ని అడాప్టర్‌తో అతికించకండి.

• కిటికీలు తెరిచి ఉంచండి. ఈ వాయువులు లీకైతే వాసన రాదు, ఊపిరాడదు. ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు రాసి, బుడగలు ఉబ్బుతున్నాయేమో చూడండి.

• ట్యాప్ లోపలి చిల్లుల బిళ్లను తీసి వెలుగుకు ఎదురుగా పట్టండి. ఆ సన్నని రంధ్రాల గుండా బీర్ దూసుకొచ్చినప్పుడే అందులో కరిగిన నైట్రోజన్ చిట్టి బుడగలై విడిపోయి, గ్లాసులో మీగడలా పేరుకుంటుంది. ఎండిన బీర్‌తో రంధ్రాలు పూడితే ఆ అందమంతా పోతుంది. పిన్నుతో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది, వేడినీళ్లలో నానబెట్టండి.

• కెగ్‌ను ముందురోజే 3–5 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో పెట్టండి. మామూలు బీర్‌లా కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కించిన స్టౌట్ ఈ ట్యాప్‌కు పనికిరాదు, గ్లాసు నిండా నురగే వస్తుంది.

• కెగ్‌లోకి వెళ్లే గ్యాస్ పీడనం 30–35 పీఎస్ఐ. అంతకన్నా ముందు కెగ్ మీద ముద్రించిన గరిష్ఠ పరిమితి చదవండి.

• ఏ గొట్టం విప్పాలన్నా, కెగ్ మూత తీయాలన్నా ముందు గ్యాస్ కట్టేసి, లోపలి పీడనమంతా వదిలేయండి.